ఇంట్లోవాళ్ళూ కుక్కా లేచి వెళ్ళిపోకుండా పాట పాడటం ఎలా

పాడాలని ఉండి, నలుగురిలో పాడే ఉద్దేశం మాత్రం లేనివాళ్ళ కోసం ఇది. పోటీలకు వెళ్ళేవాళ్ళకు గురువులు ఉన్నారు, కచేరీలు చేసేవాళ్ళకు సభలు ఉన్నాయి. అన్నం ఉడికేలోపు వంటింట్లో ఒక పల్లవి, పొద్దున బర్రె పాలు పితుకుతూ ఒక కూనిరాగం, రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద ఒక పాట, ఇంతే చాలనుకునేవాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పరు. "ఈ వయసులో నీకెందుకబ్బా పాటలు" అని మాత్రం అంటారు.

నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్ళం ఆ మాటకు జడవాల్సిన పని లేదు. త్యాగరాజు పూర్వీకులు మనవైపే ఉన్న కంభం దగ్గరి కాకర్ల నుంచి తమిళదేశానికి వెళ్ళినవాళ్ళని చెబుతారు. ఆయన ఇంటిపేరు కూడా కాకర్లే. ఆయనలాగే కీర్తనలు కట్టిన శ్యామశాస్త్రి పెద్దలదీ కంభమే అంటారు. తంజావూరు రాజు పిలిచినా కొలువుకు పోకుండా ఇంట్లో రాముడి ముందు పాడుకున్నవాడు త్యాగరాజు. కాబట్టి ఇంట్లో పాడే పాట తక్కువదేం కాదు. ఇక నేర్చుకోలేదే అనే బెంగ ఉన్నవాళ్ళు మన నెల్లూరు సినిమా గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని తలుచుకోండి. ఆయన నాన్న సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. బాలు మాత్రం గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న వాళ్ళ ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు.

సరే, పనిలోకి వద్దాం.

ముందు మీ శ్రుతి ఏదో కనుక్కోండి

శ్రుతి అంటే మీ "సా" నిలబడే ఎత్తు, మిగతా స్వరాలన్నీ దాన్నిబట్టే. ఇంట్లో పాట చెడేది ఎక్కువగా ఇక్కడే. నా గొంతు బాగాలేదులే అని మానేసినవాళ్ళలో చాలామంది తమది కాని శ్రుతిలో పాడి మానేసినవాళ్ళు. శ్రుతి కుదిరితే మామూలు గొంతు కూడా వినబుద్ధవుతుంది. కుదరకపోతే మంచి గొంతు కూడా అరుపే. అందుకే మిగతా పనులన్నిటి కంటే దీనికి ఎక్కువ సమయం పెట్టమంటాను.

ఫోనులో శ్రుతిని ఆగకుండా మోగించే తంబూరా యాప్ ఒకటి వేసుకోండి, ఉచితంగానే దొరుకుతాయి. అందులో శ్రుతులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. సీ అంటే మన ఒకటి. సీ షార్ప్ ఒకటిన్నర, డీ రెండు, డీ షార్ప్ రెండున్నర, ఈ మూడు, ఎఫ్ నాలుగు, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జీ ఐదు, జీ షార్ప్ ఐదున్నర, ఏ ఆరు, ఏ షార్ప్ ఆరున్నర, బీ ఏడు. మూడున్నర కోసం వెతక్కండి, లేదు. హార్మోనియం మీద మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు ఉండదు. ఏడుకీ పై ఒకటికీ మధ్య కూడా ఉండదు.

మగవాళ్ళు ఒకటి శ్రుతితో, ఆడవాళ్ళు ఐదు శ్రుతితో మొదలుపెట్టండి. నిద్ర లేవగానే చూడొద్దు, అప్పుడు ఎవరి గొంతయినా కిందికి దిగి ఉంటుంది. లేచి గంటో రెండు గంటలో అయ్యాక, నాలుగు మాటలు మాట్లాడాక కూర్చోండి. తంబూరా మోగుతుంటే "సా" పట్టుకోండి. అక్కడి నుంచి సా, ని, దా, పా అని కిందికి దిగండి. కింది "పా" స్వరంగా వినబడాలి, ఉత్త గాలిగా పోకూడదు. మళ్ళీ సా దగ్గరికి వచ్చి పైకి ఎక్కండి. పై సా దాటి, రి దాటి, గా దగ్గర ఆగండి. అక్కడ గడ్డం పైకి లేస్తోందా, మెడ నరాలు ఉబ్బుతున్నాయా, కనుబొమలు ముడిపడుతున్నాయా? అద్దం ముందు నిలబడితే ఇవన్నీ తెలుస్తాయి.

కింది పా పోతుంటే అర శ్రుతి పెంచండి, అంటే పైన చెప్పిన వరుసలో ఒక్క అడుగు. పై గా దగ్గర అరుపు వస్తుంటే అర తగ్గించండి. రెండు చివర్లూ ఇబ్బంది పెడితే పైదాని మాటే వినండి, ఎందుకంటే సినిమా పాటలో చరణం పైకే పోతుంది. కింది స్వరం కాస్త మింగినా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఇలా చూసుకుంటూ పోతే మగవాళ్ళలో ఎక్కువమంది కింది ఏడుకీ రెండుకీ మధ్య ఆగుతారు, ఆడవాళ్ళు నాలుగున్నరకీ ఆరుకీ మధ్య. వేరువేరు వేళల్లో చూసినా ఒకే శ్రుతి వస్తుంటే దాన్ని వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఇంట్లో ఒక్కొక్కరిదీ రాయండి, ముందు ముందు పనికొస్తుంది.

పాటను మీ దగ్గరికి దించుకోండి

బాలు వల్ల మనవైపు మగవాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. మైకు చేతికి రాగానే ఆయన పాటే పాడాలనిపిస్తుంది, అదీ ఆయన శ్రుతిలోనే. రికార్డులో ఉన్న శ్రుతి ఆ గాయకుడి గొంతుకు, ఆ హీరోకి, ఆ సన్నివేశానికి సరిపోయేలా పెట్టింది. మీ గొంతును అడిగి పెట్టింది కాదు. పల్లవి ఎలాగో అయిపోతుంది. చరణం మొదలయ్యేసరికి ముఖం ఎర్రబడి, పై స్వరం దగ్గర గొంతు చీలిపోతుంది. పాడేవాడు "ఈ రోజు జలుబుగా ఉంది" అంటాడు.

కరోకే ట్రాక్, అంటే గాయకుడి గొంతు తీసేసిన వాయిద్యాల రికార్డు, పెట్టుకుని పాడేవాళ్ళు ట్రాక్ స్థాయి మార్చే యాప్ వాడండి. అందులో కీ అనో పిచ్ అనో ఉన్నచోట ఒక్కో మెట్టు హార్మోనియం మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య ఉండే దూరం, అంటే అర శ్రుతి. రెండు మెట్లు దించి చూడండి, చాలకపోతే మూడు. అంతకంటే ఎక్కువ దించితే ట్రాక్‌లో వయొలిన్లు, వేణువు నీరసంగా మోగుతాయి. అలాంటప్పుడు ట్రాక్ మానేసి ఒట్టి తంబూరా మీద పాడటం మేలు. నన్నడిగితే ఇంటి పాటకు ట్రాక్ కంటే తంబూరా ఎప్పుడూ మేలే. ట్రాక్ మీకోసం ఆగదు. తంబూరా అయితే చరణం మధ్యలో గుమ్మం దగ్గర ఎవరో పిలిచినా, మీరు వెళ్ళి వచ్చేదాకా మోగుతూనే ఉంటుంది.

మగవాళ్ళ పాట ఆడవాళ్ళు పాడాలంటే ట్రాక్‌ను కాస్త నీరసపడినా అయిదు మెట్లు కిందికి దించి, తమ సహజమైన గొంతుతో పాడితే చాలామందికి సరిపోతుంది. ఏడు మెట్లు పైకి పెంచినా శ్రుతి అదే, కానీ ట్రాక్ కీచుగా తయారవుతుంది. ఆలుమగలు కలిసి పాడాలంటే ఇంకో కిటుకు ఉంది. ఆయనది ఒకటి, ఆమెది ఐదు అనుకుందాం. ఆమె ఐదు శ్రుతిలో "మా" ఎక్కడ ఉందో అదే ఆయన "సా". కాబట్టి తంబూరాను ఒకటి మీదే ఉంచి ఆమె తన "మా"నే "సా"గా పట్టుకుని, అంటే మధ్యమ శ్రుతిలో, పాడుకోవచ్చు, లేదా ఇద్దరికీ నడుమ మూడు దగ్గర రాజీ పడొచ్చు. రాజీలో ఇద్దరికీ కొంచెం ఇబ్బందే, సంసారంలో అది కొత్త కాదు కదా.

చోటు, వేళ

బాత్రూంలో గొంతు బాగుంటుందని అందరికీ తెలుసు. టైల్సు గోడలు ధ్వనిని మింగవు, వెనక్కి కొడతాయి. ఆ ప్రతిధ్వని మన స్వరం మీద పడి తప్పులు కప్పేస్తుంది. సరదాకు అక్కడ పాడండి, సాధనకు మాత్రం కాదు. పరుపు, బట్టల బీరువా, కర్టెన్లు ఉన్న పడకగది దానికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ ఏ తప్పూ దాగదు. సాధన పడకగదిలో చేసి, వినిపించడం హాల్లో చేయండి.

ఫ్యాను నేరుగా ముఖం మీదికి కొట్టే చోట కూర్చోవద్దు, నోరు తెరిచి పాడేటప్పుడు గొంతు ఎండిపోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాను ఆపి పాడమని ఎవరికీ చెప్పలేను. పక్కకు తిప్పుకోండి, లేదా పొద్దు గూకాక మిద్దె ఎక్కండి. కరెంటు పోయిన పది నిమిషాలూ మంచి వేళ. ఫ్యాను, ఫ్రిజ్, టీవీ, మిక్సీ అన్నీ ఒకేసారి గమ్మున ఉంటాయి, ఫోనులో తంబూరా మాత్రం మోగుతుంది.

మిద్దె మీద స్పీకరు బాక్సు పెట్టి పాడే ఆలోచన ఉంటే ఒక మాట. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 డెసిబెల్సు హద్దు. చట్టం సంగతి అటుంచండి, పక్కింట్లో పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉంటే మార్చిలో మిద్దె ఎక్కకండి.

గొంతు కాచుకోవడం

పది నిమిషాలు చాలు. మొదట నోరు మూసి "మ్" అని సన్నగా కూనిరాగం తీయండి, పెదాలు కొద్దిగా జిల్లుమనాలి. తర్వాత పెదాలు వదులుగా పెట్టి బుర్రుమనిపిస్తూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. చంటిపిల్లలు మోటారుబండి శబ్దం చేస్తారే, అదే. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, గొంతులో స్వరం పుట్టించే స్వరతంత్రులను ఖర్చు లేకుండా మెల్లగా కదిలించే పద్ధతి ఇది. ఆ తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే సరిగమల మొదటి పాఠాలు, ఒకటీ రెండూ, నిదానంగా. ఆ రాగంలో పాఠాలు మొదలుపెట్టే పద్ధతి పదహారో శతాబ్దపు పురందరదాసు పెట్టాడని అంటారు. ఎప్పుడూ నేర్చుకోకపోయినా ఫరవాలేదు. యాప్‌లోనో యూట్యూబులోనో విని వెంట పాడండి, సరిగమలు మన చెవికి కొత్తవేం కాదు.

ఊపిరి విషయంలో ఒక్కటే పరీక్ష. చాప మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. పాత గురువులు నాభి నుంచి పాడమనేది దీన్నే. నిలబడ్డాక కూడా అలాగే పీల్చండి.

నీళ్ళు పాడే ముందు గటగటా తాగితే పెద్దగా లాభం లేదు. మనం మింగిన నీళ్ళు అన్నవాహికలోకి పోతాయి, స్వరతంత్రులు ఉండేది గాలిగొట్టం పైన. ఒంట్లో నీరు తగినంత ఉంటేనే అవి తడిగా ఉంటాయి, కాబట్టి పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగాలి. మజ్జిగ తాగితే గొంతుకు ఏదో పూసినట్టుంటే పాడాక తాగండి. రాత్రి చేపల పులుసు దట్టంగా కలుపుకుని తిని వెంటనే పడుకునే అలవాటు ఉన్నవాళ్ళకు పొద్దున గొంతు బొంగురుగా ఉండొచ్చు, పులుపూ కారమూ కలిసి పైకి ఎగదన్ని గొంతును ఒరుస్తాయి. పులుసు మానమని నెల్లూరువాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు. తిన్నాక రెండు గంటలాగి పడుకోండి.

ఏ పాట ఎత్తుకోవాలి

కష్టమైన పాట మీద మోజు తీరేదాకా ఆగండి. మొదటి పాట చిన్నదిగా, నెమ్మదిగా, మీరు మామూలుగా మాట్లాడే ఎత్తులోనే తిరిగేదిగా ఉండాలి. సాహిత్యం చేత్తో రాసుకోండి. ఫోనులో చూస్తూ పాడితే చూపు తెర మీదే ఉంటుంది, వినేవాళ్ళ మీద ఉండదు. మాటలు నోటికి వచ్చేదాకా చేత్తో తాళం వేస్తూ చదవండి, రాగం ఆ తర్వాత.

సినిమా పాటల కంటే ముందు మీ ఇంట్లోనే ఒక పాటల మూట ఉందేమో చూడండి. అమ్మమ్మకు వచ్చిన మంగళహారతులు, సంక్రాంతి నెలలో పాడిన గొబ్బి పాటలు, పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఆటపట్టించిన పాటలు, మిమ్మల్ని నిద్రపుచ్చిన జోల. వీటికి ట్రాక్ దొరకదు, అవసరమూ లేదు. ఒకే హారతిని ఒంగోలులో ఒకలా, ఆత్మకూరులో ఇంకోలా పాడతారు, రెండూ సరైనవే. పెద్దావిడను కూర్చోబెట్టి "పాడవ్వా, రికార్డు చేస్తాం" అంటే బిగుసుకుపోతుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడో పూలు కట్టేటప్పుడో పక్కన కూర్చుని ఆ పాటను తప్పుగా ఎత్తుకోండి. "అట్టా కాదే, ఇట్టా" అని ఆమే అందుకుంటుంది. ఫోను కొంగు చాటున ఉంచండి, రికార్డు చేసిన సంగతి తర్వాత చెప్పి, వినిపించి, ఆమె సరేనంటేనే దాచుకోండి.

వినేవాళ్ళు మనుషులైతే

వంట చేస్తున్నవాళ్ళను, లెక్కలు చూసుకుంటున్నవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి పాడకండి. వాళ్ళు ఉన్నచోటికి మీరు వెళ్ళండి. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మనిషి పక్కన గోడకు ఆనుకుని పాడితే చెవి మీకిస్తారు, చేతులు వాళ్ళవే. ఒక్క పాట పాడి ఆపండి. రెండోది వాళ్ళు అడిగితేనే.

పెద్దవయసువాళ్ళకు వినికిడి తగ్గేది ముందుగా సన్నని పై ధ్వనుల్లో. స, ష, త, క లాంటి హల్లులు జారిపోయి మాట అలుక్కుపోయినట్టు వినబడుతుంది. గట్టిగా పాడితే అది తీరదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, కాస్త నెమ్మదిగా, మాట స్పష్టంగా పలుకుతూ పాడండి. టీవీ కట్టేయండి. వాళ్ళే పాడాలనుకుంటే పడుచుతనంలో పాడిన శ్రుతి పట్టుకోనివ్వకండి. ముఖ్యంగా ఆడవాళ్ళకు వయసుతో గొంతు కిందికి దిగుతుంది, ఒకటో రెండో మెట్లు తగ్గించి ఇస్తే "నాకింకా గొంతుందే" అని వాళ్ళే ఆశ్చర్యపోతారు.

పిలకాయల సంగతి వేరు. నాన్న శ్రుతిలో పిల్లల చేత పాడిస్తే కింది స్వరాలు అందక మాటలా గొణుగుతారు. అది చూసి వీడికి స్వరజ్ఞానం లేదని తీర్పు చెప్పేస్తాం. శ్రుతి పెంచి ఇస్తే వాళ్ళే సరిగ్గా పట్టుకుంటారు. పన్నెండు, పధ్నాలుగేళ్ళ మగపిల్లల గొంతు మారే కాలంలో అది ఒక స్థాయి దాకా, అంటే సా నుంచి కింది సా దాకా, దిగుతుంది, మధ్యలో పగులుతుంది. నవ్వొద్దు, పై స్వరాలు పాడించొద్దు, తాళం వేయించండి. చుట్టాలు రాగానే "మామయ్యకు ఒక పాట పాడు నాయనా" అని మధ్యలో నిలబెట్టడం చాలా ఇళ్ళలో ఉంది. పాట మీద ప్రేమ పోగొట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు. పాడాలనిపిస్తే చుట్టాలున్నా వాళ్ళే పాడతారు.

తప్పు దిద్దడం పాట అయ్యాకే, అదీ అడిగితేనే. చరణం మధ్యలో "అక్కడ శ్రుతి పోయింది" అన్న మనిషి ఇంట్లో ఒక్కరున్నా మిగతా నలుగురూ నోరు మూసుకుంటారు. ఆ మనిషి మీరే అయితే పాట అయ్యేదాకా తాళం మీది, మాట వాళ్ళది.

కుక్క, పిల్లి, బర్రె, పిట్ట

ఇంట్లో మొహమాటం లేని శ్రోతలు వీళ్ళే. నచ్చకపోతే లేచి వెళ్తారు, నచ్చితే పక్కన పడుకుంటారు. అయితే వీళ్ళు తీర్పు చెప్పేది మీ స్వరజ్ఞానం మీద కాదు, ఎంత గట్టిగా పాడుతున్నారన్న దాని మీద. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకా వినబడితే, కుక్కకు 45,000 దాకా, పిల్లికి 64,000 దాకా వినబడుతుంది. పాత స్పీకరులోంచి వచ్చే సన్నని కీచు మనకు తెలియకపోయినా వాటికి తెలియవచ్చు. అందుకే వాటికి పాడేటప్పుడు మైకు, స్పీకరు రెండూ వద్దు.

కుక్కతో మొదలుపెట్టేటప్పుడు నేల మీద కూర్చోండి, మీద పడినట్టు వంగి పాడొద్దు. మామూలుగా మాట్లాడేంత గొంతుతో, నెమ్మదిగా. తలుపు తీసి ఉంచండి, వెళ్ళిపోయే దారి ఉంటేనే అది ఇష్టంగా కూర్చుందని మనకు తెలిసేది. చెవులు వెనక్కి అణచడం, తోక ముడవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవలించడం, పదే పదే మూతి నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం కనిపిస్తే అది ఇబ్బంది పడుతోందని అర్థం. గొంతు తగ్గించండి లేదా ఆపేయండి. ఒళ్ళు వదులుగా పెట్టి ఒక పక్కకు వాలితే సాగించండి. 2017లో స్కాట్లండ్‌లో జంతువుల సంరక్షణ కేంద్రంలోని కుక్కలకు రకరకాల సంగీతం వినిపించి చూస్తే సాఫ్ట్ రాక్, రెగ్గే విన్నప్పుడు ఎక్కువ స్థిమితంగా ఉన్నాయి. రెండూ నిదానంగా, ఒకే నడకలో సాగేవి. మన జోలపాటకూ ఆ నడకే ఉంటుంది కదా, అందుకే నేను కుక్కకు జోలతోనే మొదలుపెట్టమంటాను.

కొన్ని కుక్కలు సాగదీసిన స్వరం వినగానే మూతి పైకెత్తి ఊళ అందుకుంటాయి. అది తిట్టు కాదు, బాధ కూడా కాకపోవచ్చు, గుంపుతో గొంతు కలిపే పాత అలవాటు. తోడేళ్ళు కలిసి ఊళ పెట్టేటప్పుడు అన్నీ ఒకే స్వరం మీద నిలబడవు, ఒకదాన్నుంచి ఒకటి పక్కకు తప్పుకుంటాయి. మీ కుక్క శ్రుతి కలపడం లేదని నిష్ఠూరం వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం కుక్క ఏడుపు కీడని కంగారు పడతారు. వాళ్ళ ఎదుట దీర్ఘంగా ఆలాపన తీయకుండా పొట్టి స్వరాలున్న పాట పాడితే ఊళా రాదు, దిష్టి తీయాల్సిన పనీ పడదు.

పిల్లికి మన సంగీతం పెద్దగా పట్టదు. 2015లో అమెరికా పరిశోధకులు పిల్లుల గుర్రుమనే లయలో, వాటి ధ్వని స్థాయిలో ప్రత్యేకంగా సంగీతం కట్టి వినిపిస్తే, మనుషుల సంగీతం కంటే దానివైపే ఎక్కువగా వెళ్ళాయి. కాబట్టి పిల్లి పట్టించుకోకపోతే నొచ్చుకోకండి. నోరు మూసి తీసే సన్నని కూనిరాగానికి దగ్గరికి వచ్చే పిల్లులున్నాయి. తోక కొసను టపటపా కొట్టడం మొదలుపెడితే మాత్రం కచేరీ అయిపోయినట్టే.

పశువులున్న ఇళ్ళవాళ్ళు అదృష్టవంతులు. పాలు పితికేటప్పుడు పాడుకోవడం మన ఊళ్ళలో కొత్త సంగతి కాదు. 2001లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూసినప్పుడు, నిదానమైన సంగీతం విన్న ఆవులు రోజుకు సుమారు 3 శాతం ఎక్కువ పాలిచ్చాయి. కారణం మరీ వింతేం కాదు. పశువు బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి పాలు చేపవు, స్థిమితంగా ఉంటే చేపుతాయి. బర్రెకైనా ఒంగోలు ఆవుకైనా రోజూ అదే వేళకు, అదే మనిషి, అదే పాట, దగ్గరికి వచ్చే ముందు నుంచే మొదలుపెట్టండి. మీరు వస్తున్నారని దానికి ముందే తెలుస్తుంది. పాడుతుండగా నెమరు వేస్తుంటే నచ్చినట్టే. కొత్త పాట సాధన మాత్రం పాల దగ్గర పెట్టుకోవద్దు, తప్పు పోయినప్పుడల్లా ఆగితే పితికే చేయి కూడా ఆగుతుంది.

పిట్టల దగ్గర ఒక జాగ్రత్త. మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పెరట్లో జామచెట్టు మీదికి వచ్చే చిలుకలకు కిటికీలోంచి పాడండి, వాటికి నచ్చితే అవే ఆగుతాయి. లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్నపిట్టలు పెంచుకునేవాళ్ళు పొద్దున పాడండి, అవి గొంతు కలిపేది అప్పుడే. సాయంత్రం పంజరం మీద గుడ్డ కప్పాక పాడితే వాటి నిద్ర చెడుతుంది. పాట మధ్యలో గోడ మీద బల్లి పలికితే మీ పాట సత్యమని ఒప్పుకున్నట్టే, నేలను తట్టి ముందుకు సాగండి.

గొంతు పట్టేస్తే

నవంబరు, డిసెంబరు వానల్లో మనవైపు ఇంటిల్లిపాదీ దగ్గుతుంటారు. జలుబుగా ఉన్నప్పుడు పాడకండి, గుసగుసలాడకండి కూడా. గుసగుస గొంతుకు విశ్రాంతి అనుకుంటాం గానీ చాలామంది దానికోసం గొంతును ఇంకా బిగిస్తారు. తక్కువగా, మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకోకుండా ఒక గుక్క నీళ్ళు మింగండి. మిరియాల పాలు, గోరువెచ్చని నీళ్ళు హాయిగా ఉంటాయి. అతిమధురం చప్పరించే అలవాటున్నవాళ్ళకు బీపీ ఉంటే అది మానాలి, బీపీని పెంచుతుంది. చల్లగా మొద్దుబార్చే బిళ్ళ వేసుకుని పాడటం అన్నిటికంటే చెడ్డది, నొప్పి తెలియక గొంతును ఇంకా ఒరిపిడి చేస్తారు. జలుబు తగ్గినా బొంగురు రెండు మూడు వారాలు దాటి పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. పొగతాగేవాళ్ళు అంతకాలం కూడా ఆగొద్దు.

రికార్డు చేసి పెట్టుకోవడం

మొదటిసారి తమ గొంతు రికార్డులో విన్నవాళ్ళందరూ "ఇది నేనేనా" అంటారు. మన గొంతు మనకు గాలిలోంచీ, పుర్రె ఎముకల్లోంచీ రెండు దారుల్లో వినబడుతుంది. ఎముకల దారిలో కింది ధ్వనులు ఎక్కువ, కాబట్టి మనకు మన గొంతు నిండుగా తోస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు. ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ విన్నది ఆ రికార్డు గొంతే, అది విని కూడా కూర్చున్నారు కాబట్టి కంగారు పడొద్దు.

ఫోనును మూరెడు దూరంలో, నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి, ప, బ లు పలికినప్పుడు గాలి మైకును కొట్టదు. తంబూరా ఇంకో ఫోనులో మోగనివ్వండి. ట్రాక్ మీద పాడేవాళ్ళు ట్రాక్‌ను ఇయర్‌ఫోనులో ఒక చెవికే పెట్టుకుని రెండో చెవి తెరిచి ఉంచితే శ్రుతి జారదు. సినిమా ట్రాక్‌తో పాడింది బయట పెడితే హక్కులవాళ్ళు తీయించేసే వీలుంది, చుట్టాల వాట్సాప్ గ్రూపు వరకు చాలు. అందులో కూడా వారానికి ఒకటి. రోజూ పెడితే పిన్నిగారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి వినకుండా దాటేస్తారు.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు పాట మొదటి మాట, పాడినవాళ్ళ పేరు, శ్రుతి, నెల, సంవత్సరం రాయండి. వచ్చే సంక్రాంతికి అదే పాట మళ్ళీ పాడి పక్కపక్కన పెట్టి వినండి. ఎవరి శ్రుతి ఒక మెట్టు జరిగిందో చూసుకుని క్యాలెండరు మీది అంకె దిద్దండి.